జీఆర్86కి కొత్త వీల్స్: ముందు టైరు తేల్చండి, రిమ్ తర్వాత

[స్క్రీన్: కారు పక్క నుంచి. ఫెండర్ అంచుకీ టైరుకీ మధ్య ఖాళీ మీద క్లోజప్]

షోరూమ్ నుంచి వచ్చిన టొయోటా స్పోర్ట్స్ కారు జీఆర్86లో ముందుగా కంటికి ఆనేది ఈ ఖాళీ. చక్రాలు నాలుగూ లోపలికి నక్కినట్టుంటాయి. దాంతో చాలామంది ముందు నచ్చిన రిమ్ కొనేస్తారు, తర్వాత దానికి సరిపోయే టైరు వెతుకుతారు. అది తలకిందుల పని. రోడ్డును పట్టుకునేది టైరు. ఏ టైరు కావాలో తేలితే రిమ్ వెడల్పు తేలుతుంది, అది తేలితే ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందనే కొలత తేలుతుంది. ఈ వీడియో అదే వరుసలో నడుస్తుంది.

టొయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ రెండూ సుబారు ఫ్యాక్టరీలోనే తయారవుతాయి, చక్రాల లెక్క రెండింటికీ ఒకటే. ఈ కారు ఇండియాలో అమ్మకానికి లేదు కాబట్టి ఇది ఎక్కువగా అమెరికాలో ఉన్న మనవాళ్లకి పనికొస్తుంది. లెక్క వేసే పద్ధతి మాత్రం ఏ కారుకైనా అంతే.

[స్క్రీన్: కంపెనీ సైజులు]

కంపెనీ ఇచ్చేది 17 × 7.5 రిమ్ (వ్యాసం, వెడల్పు అంగుళాల్లో), ఆఫ్‌సెట్ +48, టైరు 215/45 ఆర్17. పై వేరియంట్‌లో 18 × 7.5, టైరు 215/40 ఆర్18. 17 అంగుళాల రిమ్‌తో వచ్చే మిషలిన్ ప్రైమసీ, టొయోటా హైబ్రిడ్ కారు ప్రయస్‌లో కూడా వాడిన టైరు. కారు తోక సులువుగా జారి సరదాగా ఉండాలని కావాలనే అలా పెట్టారు. కాబట్టి ఒట్టి గ్రిప్పే మీ బాధ అయితే రిమ్ జోలికి పోకండి, అదే సైజులో మంచి సమ్మర్ టైరు వేయండి. తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

[స్క్రీన్: టైరు పక్క గోడ, అంకెల మీద వేలు]

ఇంకా వెడల్పు కావాలంటే టైరు మొత్తం ఎత్తు చూడాలి. 215/45 ఆర్17లో 215 వెడల్పు మిల్లీమీటర్లలో, 45 పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో అది, 17 రిమ్ వ్యాసం అంగుళాల్లో. వెడల్పును శాతంతో గుణించి, రెండింతలు చేసి, రిమ్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి (అంగుళానికి 25.4) కలపండి. 215/45 ఆర్17 ఎత్తు 625 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17 అయితే 634. 245/40 ఆర్17 అయితే 628.

225/45 వేస్తే ఎత్తు 1.4 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు ఇప్పుడు సరిగ్గా చూపిస్తోందనుకుంటే, అది 60 మైళ్లు చూపించేటప్పుడు కారు దాదాపు 61లో ఉంటుంది. గేరింగ్ కూడా ఆ మేరకు బరువెక్కుతుంది, అంటే పికప్ కాస్త తగ్గుతుంది. ఇబ్బందేమీ లేదు, ఈ టైరు కంపెనీ 7.5 రిమ్ మీదే చక్కగా కూర్చుంటుంది. అన్నిటికంటే చవకైన మెట్టు ఇదే.

245/40కి 8 నుంచి 9.5 అంగుళాల రిమ్ కావాలి. 7.5 మీద ఎక్కించేవాళ్లూ ఉన్నారు. అలా ఎక్కిస్తే పక్క గోడ ఉబ్బుతుంది, స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి గానీ తిరగదు. 228 హార్స్‌పవర్ కారుకి 245 ట్రాక్ మీద అర్థవంతం. ఆఫీసుకి వెళ్లి రావడానికి 225 చాలు, కారు చలాకీగా ఉంటుంది.

వెనక వెడల్పు టైర్లు, ముందు సన్నటివి వేయకండి. కంపెనీ నాలుగూ ఒకే సైజు ఇచ్చింది. వెనక మాత్రమే పెంచితే ముందు భాగం మలుపులో బయటికి జారుతుంది, పైగా టైర్లు ముందు వెనక మార్చుకునే వీలు కూడా పోతుంది.

[స్క్రీన్: రిమ్ అడ్డకోత బొమ్మ. మధ్య గీత, హబ్ ఆనే తలం]

అసలు తికమకంతా ఆఫ్‌సెట్ దగ్గరే. ఆఫ్‌సెట్ అంటే రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే తలం ఎంత బయటికి ఉందో ఆ దూరం. అంకె తగ్గితే చక్రం బయటికొస్తుంది. అయితే వెడల్పు కూడా మారితే ఈ ఒక్క అంకె చూసి ఏమీ చెప్పలేం. లోపలికి ఎంత, బయటికి ఎంత అని మిల్లీమీటర్లలో విడివిడిగా లెక్కేయాలి.

రిమ్ వెడల్పులో సగానికి ఆఫ్‌సెట్ కలిపితే లోపలి వైపు దూరం, తీసేస్తే బయటి వైపు దూరం. కంపెనీ రిమ్ 190.5 మిల్లీమీటర్లు, సగం 95. లోపల 143, బయట 47.

ఇప్పుడు 17 × 9, +45 తీసుకోండి. సగం 114. లోపల 159, బయట 69. అంటే స్ట్రట్ (చక్రం లోపలి పక్కన నిలువుగా ఉండే సస్పెన్షన్ కాలు) వైపు 16 మిల్లీమీటర్లు, ఫెండర్ వైపు 22 పెరిగింది. ఆఫ్‌సెట్ మూడే తగ్గింది కదా అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

17 × 8, +40 అయితే లోపల దాదాపు 2 మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది, బయటికి 14 వస్తుంది. రోజువారీ కారుకి, 225/45తో, మా ఓటు దీనికే.

[స్క్రీన్: ముందు చక్రం వెనక, స్ట్రట్‌కీ టైరుకీ మధ్య]

మీ కారులో ఇప్పుడెంత ఖాళీ ఉందో చూడాలంటే డ్రిల్ బిట్ల తోకలు ఒక్కొక్కటే ఈ సందులో పెట్టి చూడండి. పట్టీపట్టకుండా దూరినదాని వ్యాసమే మీ ఖాళీ. ముందు చక్రం, స్ట్రట్ కలిసే తిరుగుతాయి, కలిసే పైకీ కిందకీ కదులుతాయి. అందుకే ఈ సందు పెద్దగా మారదు, 3, 4 మిల్లీమీటర్లు మిగిలినా చాలు. ఫెండర్ వైపు అలా కాదు. స్టీరింగ్ తిప్పినా, గుంతలో పడ్డా అక్కడి దూరం మారుతూనే ఉంటుంది.

క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి వాలే కోణం విషయంలో ఒక మెలిక ఉంది. స్ట్రట్ కింద నకుల్ (హబ్‌ని పట్టి ఉంచే లోహపు భాగం) దగ్గర క్యాంబర్ బోల్టు వేస్తే చక్రం పై అంచు స్ట్రట్‌కి దగ్గరవుతుంది, ఉన్న కాస్త సందూ పోతుంది. పైన క్యాంబర్ ప్లేటు వేస్తే స్ట్రట్, చక్రం కలిసే వాలుతాయి, సందు అలాగే ఉంటుంది. వెడల్పు రిమ్ వేసేవాళ్లు ప్లేటుకే డబ్బు పెట్టాలి.

ఇంకొకటి. 245 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీల 245లూ ఒకే కొలత కావు. రిమ్ అర అంగుళం పెరిగితే అదే టైరు దాదాపు 5 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. కొనేముందు ఆ టైరు స్పెక్ షీట్‌లో సెక్షన్ విడ్త్ (టైరు అసలు వెడల్పు), దాన్ని కొలిచిన రిమ్ వెడల్పు, రెండూ చూడండి.

[స్క్రీన్: హబ్, ఐదు స్టడ్లు]

పీసీడీ, అంటే స్టడ్లన్నీ కూర్చునే వృత్తం వ్యాసం, 5 × 100: ఐదు స్టడ్లు, 100 మిల్లీమీటర్లు. ఐదు స్టడ్లలో ఎదురెదురుగా ఏ రెండూ ఉండవు కాబట్టి నేరుగా కొలవలేం. పక్కపక్క స్టడ్ల మధ్య దూరం కొలవండి: 58.8 వస్తే 5 × 100. 67.2 వస్తే అది 5 × 114.3, ఈ కారుకి పడదు.

సెంటర్ బోర్, అంటే రిమ్ మధ్య రంధ్రం, 56.1 మిల్లీమీటర్లు. బయట దొరికే చాలా రిమ్ములకి 73.1 ఉంటుంది, మధ్యలో హబ్ రింగు కావాలి. రింగు లేకుండా బిగిస్తే చక్రం మధ్యకి సరిగ్గా కూర్చోక హైవే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. ట్రాక్‌కి వెళ్తే ప్లాస్టిక్ రింగులు బ్రేకు వేడికి మెత్తబడతాయి, అల్యూమినియంవి తీసుకోండి.

ఫోక్స్‌వ్యాగన్ పోలోది కూడా 5 × 100 పీసీడీయే. అందుకని పోలో రిమ్ దీనికి పడుతుందనుకోకండి. దాని బోర్ 57.1, బోల్టు కూర్చునే గుంట గోళాకారం. ఇక్కడ కావాల్సింది 60 డిగ్రీల కోన్. రెండూ కలిపితే నట్టు అంచుమీద మాత్రమే ఆనుతుంది, నడుస్తూ నడుస్తూ వదులవుతుంది.

నట్లు ఎం12 × 1.25, అంటే స్టడ్ మందం 12 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం (పిచ్) 1.25. ఎన్నో టొయోటాలకి 1.5 పిచ్ ఉంటుంది. పార్ట్స్ షాపులో టొయోటా అని అడిగితే అదే చేతిలో పెడతారు. ఇంపాక్ట్ గన్‌తో ఎక్కించారంటే స్టడ్ మరలు చిత్తవుతాయి. ప్రతి నట్టూ మొదట చేత్తోనే తిప్పండి. కనీసం పది చుట్లు పట్టాలి. స్పేసర్ (చక్రాన్ని బయటికి జరిపే బిళ్ల) పెట్టాక అన్ని చుట్లు రాకపోతే పొడవు స్టడ్లు వేయించాల్సిందే.

[స్క్రీన్: అట్టముక్క మీద కాలిపర్ టెంప్లేట్]

బ్రెంబో బ్రేకులున్న కారుకి 17 రిమ్ కొనేముందు, పెద్ద కాలిపర్ (బ్రేకు డిస్కును నొక్కే భాగం) రిమ్‌కి తగలకుండా పడుతుందో లేదో టెంప్లేట్ కత్తిరించి చూడండి. లోపల అంటించే బ్యాలెన్స్ బరువుల మందం కూడా లెక్కలో వేసుకోండి.

బిగించాక, టైరు వేయకముందే ఒట్టి రిమ్‌తో ఒకసారి చూడండి. టైరు ఎక్కించిన రిమ్ములు షాపువాళ్లు వాపసు తీసుకోరు. టైరుతో కారు దించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, మెల్లగా ఒక స్పీడ్ బ్రేకర్ మీదుగా వంకరగా దాటించండి. లోపలి లైనరు మీద మెరిసే గీత పడితే అక్కడ తగులుతున్నట్టు.

నట్లు బిగించే టార్క్ 89 పౌండ్-ఫీట్, అంటే 120 న్యూటన్ మీటర్లు, నక్షత్రం వరుసలో. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి, కొత్త రిమ్ సీటు కాస్త సర్దుకుంటుంది.

పాత రిమ్ములు అమ్మేయకండి. న్యూజెర్సీ, చికాగో చలిలో, 7 డిగ్రీల సెల్సియస్ కింద సమ్మర్ టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. కంపెనీ 17 రిమ్ముల మీద 215/45 వింటర్ టైర్లు వేసి, విడిగా మరో నాలుగు ప్రెజర్ సెన్సార్లు పెట్టించి గ్యారేజీలో ఉంచుకుంటే, నవంబరులో మార్చడం గంట పని.