గుట్ట ముసలిదే, జీవి జాడ మాత్రం లేదు

నమస్తే. పోయిన వీడియో కింద శానా మంది ఒకటే అడిగిండ్రు: "అన్నా, మన నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట సుమారు 250 కోట్ల ఏండ్లది అన్నవు కదా, మరి దాంట్ల పాతకాలం జీవుల శిలాజాలు ఉంటయా?"

ఉండయ్. ఎంత తవ్వినా దొరకయ్. ఈ గ్రానైట్ ముక్క దగ్గరగ చూడుండ్రి. గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, గాజు లెక్క మెరిసేది క్వార్ట్జ్, నల్ల చుక్కలు అభ్రకం. ఒకదాంట్ల ఒకటి ఇరుక్కుపోయినయ్. భూమిల కిలోమీటర్ల లోతున కరిగున్న శిల నిమ్మళంగ చల్లారితేనే ఇట్ల అయితది. ఆ వేడికి ఏ జీవి ఆగుతది?

జాడ కావాలంటె నీళ్ల అడుగున పొరలు పొరలుగ పేరుకున్న రాయి కావాలె. చెరువు మెట్ల మీద పాచి చూసిండ్రు కదా, కాలు పెడితే జర్రున జారేది? అసొంటి జిగట పొరే లోతు లేని సముద్రంల సూక్ష్మజీవులు పరుస్తయ్. కొట్టుకొచ్చిన సన్న ఒండ్రు దానికి అంటుకుంటది. ఎండ అందక అవి మళ్ల పైకి పాకుతయ్, ఇంకో పొర పడ్తది. గట్లనే పెరిగి పెరిగి గోపురం తీరు ఉబ్బుతది. దాన్నే స్ట్రొమాటొలైట్ అంటరు. ఆస్ట్రేలియా షార్క్ బేల ఇప్పటికీ పెరుగుతున్నయ్. అక్కడి నీళ్లు సముద్రం కంటె రెండింతలు ఉప్పు, వాటిని మేసే నత్తలు బతకయ్.

అదే ఆస్ట్రేలియా పిల్బరాల దొరికినవి 348 కోట్ల ఏండ్లవి. అంటే మన గుట్ట కరిగిన ముద్దగ ఉన్ననాటికే, జీవం మొదలై దాదాపు వంద కోట్ల ఏండ్లు దాటింది!

అంతకంటె పాతవి, 370 కోట్ల ఏండ్లవి గ్రీన్‌లాండ్‌ల ఉన్నయని 2016ల ఒక బృందం చెప్పింది. పేపర్లన్నీ రాసినయ్. 2018ల ఇంకో బృందం పోయి అదే రాయిని ఇంకో దిక్కు నుంచి చూసింది. ముందల నుంచి గోపురం, పక్క నుంచి చూస్తే పొడుగు గట్టు! ఒత్తిడికి రాయే అట్ల మడతలు పడ్డదని వాళ్ల వాదన. నాకైతే రెండో వాదనే గట్టిగ అనిపిస్తది. గందుకే "అతి పాత జీవం దొరికింది" అన్న తంబ్‌నెయిల్ కనబడితే, రాయిని ఎన్ని దిక్కుల నుంచి చూసిండ్రని ముందుగాల వెతుకుత.

మనకు దగ్గర్ల చూడాలంటె కృష్ణ దాటాలె. కడప జిల్లా వేంపల్లె దిక్కు డోలమైట్ రాళ్లల్ల స్ట్రొమాటొలైట్లు ఉన్నయ్, సుమారు 190 కోట్ల ఏండ్లవి. పోయేటోళ్లు సుత్తె ఇంట్లనే పెట్టి పోండ్రి.