ముందు పేరు, తర్వాత కత్తి

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు కుండీలు పెట్టాను, చూడండి. రెండూ నియోరెజీలియాలే. ఇది పొట్టిగా, ఎర్రగా, ఆకులు ఒత్తుగా ఉంది. అది పచ్చగా, సాగిపోయిన ఆకులతో వాలిపోతోంది. వేర్వేరు రకాలనుకుంటారు ఎవరైనా. కానీ ఇవి ఒకే తల్లికి పుట్టిన పిలకలు. ఒకదాన్ని మంచి వెలుతురులో, ఎరువు దాదాపు వేయకుండా పెంచాను. రెండోదాన్ని నీడలో పెట్టి నత్రజని ఉన్న ఎరువు బాగా వేశాను. తేడా అంతే.

బ్రొమీలియడ్ల, అంటే అనాస కుటుంబపు మొక్కల, సేకరణ గురించి మాట్లాడమన్నారు నన్ను. ఈ నియోరెజీలియాలూ ఆ కుటుంబానివే. ఎక్కువసేపు పేరు చీటీ గురించే మాట్లాడతాను. ఎందుకో ఈ రెండు కుండీలే చెబుతున్నాయి. మొక్క ముఖం చూసి పేరు చెప్పడం ఈ కుటుంబంలో చాలాసార్లు కుదరదు.

ఇది పెద్ద కుటుంబం. 3,500కి పైగా జాతులున్నాయి. ఒక్క పిట్‌కెయిర్నియా ఫెలిసియానా పశ్చిమ ఆఫ్రికాలో పుట్టింది, మిగతావన్నీ అమెరికా ఖండాలవే. మనందరికీ తెలిసిన అనాస ఈ ఇంటిదే. ఆండీస్ కొండల్లో దశాబ్దాల పాటు పెరిగి, ఒక్కసారి పూసి చచ్చిపోయే భారీ పూయా రైమొండీ కూడా ఈ ఇంటిదే. చెట్ల కొమ్మల నుంచి బూడిదరంగు గడ్డంలా వేలాడే టిల్లాండ్సియా ఉస్నియోయిడీస్‌కి వేర్లే ఉండవు. ఆకుల మీది సన్నటి పొలుసులతోనే నీళ్లు తాగుతుంది.

ఈ టిల్లాండ్సియా పేరు వెనక ఒక ముచ్చట ఉంది. ఎలియాస్ టిల్లాండ్స్ అనే వైద్యుడికి సముద్ర ప్రయాణం పడేది కాదట. ఓడ ఎక్కాల్సి వస్తుందని, స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య ఉన్న గల్ఫ్ ఆఫ్ బోత్నియా అనే సముద్రం చుట్టూ నడిచే వెళ్లాడని చెబుతారు. ఈ మొక్కకీ నీళ్లంటే పడదనుకుని, మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు. ఆ పొరపాటు ఇప్పటికీ మొక్కల్ని చంపుతోంది. 'గాలి మొక్క' కదా అని నీళ్లు పోయకుండా ఎండబెట్టేస్తున్నారు. బాగా తడపండి. తర్వాత తలకిందులుగా పెట్టి, నాలుగైదు గంటల్లో ఆరిపోయేలా చూడండి. మధ్యలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

దొన్నెలా ఆకులు పేర్చుకునే ఎక్మియా, బిల్‌బెర్జియా, నియోరెజీలియాల పద్ధతి వేరు. వాటికి ఆ దొన్నెలో నీళ్లుండాలి. చెట్ల మీద పెరిగేవాటికి వేరు ముఖ్యంగా పట్టు కోసమే కాబట్టి మట్టి బదులు చెక్క బెరడు ముక్కలు మేలు. దొన్నెలో పాత నీళ్లు తరచూ పారబోసి కొత్తవి నింపితే దోమల టెన్షన్ ఉండదు. రాగి కలిసిన తెగులు మందులు మాత్రం దగ్గరికి రానీయకండి. చాలా బ్రొమీలియడ్లకు రాగి విషమే.

ఇక హైబ్రిడ్ల సంగతి, అంటే రెండు వేర్వేరు మొక్కల్ని కలిపి కొత్తది పుట్టించడం. నాకు బాగా ఇష్టమైన పని ఇదే. నియోరెజీలియా పువ్వులు దొన్నె నడుమ నీళ్ల అంచున పొద్దున్నే విచ్చుకుంటాయి. ముందురోజు సాయంత్రమే కొంచెం నీళ్లు తీసేయాలి, పుప్పొడి తడిస్తే పనికిరాదు. తల్లి పువ్వులోని కేసరాలను పుప్పొడి రాలకముందే పట్టకారుతో తీసేయాలి, లేకపోతే తన పుప్పొడి తనకే అంటుకోవచ్చు. తర్వాత తండ్రి పువ్వు కేసరాన్ని తెచ్చి కీలాగ్రానికి తాకించాలి. పని నిమిషంలో అయిపోతుంది, ఎదురుచూపులు మాత్రం ఏళ్లు. కాయ పండాక గింజల చుట్టూ ఉన్న జిగురు కడిగి, పైపైనే చల్లాలి, కప్పకూడదు, వాటికి వెలుతురు కావాలి. రంగు తేలడానికి రెండు మూడేళ్లయినా ఆగాలి.

ఒకే కాయలో పుట్టిన పిల్లలు ఒక్కలా ఉండరు. తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత రాస్తాం. కానీ ఆ రెండు పేర్లు తెలిసినంత మాత్రాన మొక్క ఏదో తెలిసినట్టు కాదు. వందలో ఒకదాన్ని ఎంచి రకం పేరు పెడితే, ఆ పేరు ఆ ఒక్క మొక్కకీ దాని పిలకలకీ మాత్రమే చెల్లుతుంది. దాని గింజ మొలిస్తే ఆ పేరు వాడకూడదు. ఈ లెక్క చూడటానికే ఒక రిజిస్టరు ఉంది. 1950లో అమెరికాలో మొదలైన బ్రొమీలియడ్ సొసైటీ ఇంటర్నేషనల్ దాన్ని నడుపుతోంది. మొలిచిన ప్రతి మొక్కకీ పేరు పెట్టాలన్న ఆరాటం వద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఇప్పటికే ఉన్నవాటికంటే మెరుగ్గా లేదనిపిస్తే దాన్ని వదిలేయడమే మంచిది.

ఒక వేసవిలో నా నలభై కుండీల చీటీల మీద మార్కర్ రాత ఎండకి పూర్తిగా వెలిసిపోయింది. పాత ఫోటోలు ముందేసుకుని వారాలు కూర్చున్నాను. ఆ ఏడాది వెలుతురు వేరు, ఆకుల రంగు వేరు. ఆరేడు తప్ప తేల్చలేకపోయాను. మిగతావి ఇప్పటికీ అందంగా ఉన్నాయి, కానీ వాటిని తల్లిగా వాడలేను, ఎవరికీ పేరుతో ఇవ్వలేను. చాలా బాధపడ్డాను. అప్పటినుంచి పెన్సిల్‌తోనే రాస్తున్నాను, అది ఎండకి వెలవదు. రెండో చీటీ మట్టిలో లోపల దాస్తాను. పుస్తకంలో కూడా రాసుకుంటాను.

జాతి మొక్కల విషయంలో, అంటే హైబ్రిడ్లు కాకుండా అడవిలో సహజంగా పుట్టిన జాతుల విషయంలో, ఇది ఇంకా ముఖ్యం. బ్రెజిల్ అట్లాంటిక్ తీరపు అడవి చాలావరకు నరికేశారు. ఎన్నో బ్రొమీలియడ్ల సొంత ఊరు అదే. అడవి నుంచి విచ్చలవిడిగా తీయడం వల్ల టిల్లాండ్సియా జెరోగ్రాఫికా వ్యాపారాన్ని, అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద నియంత్రించాల్సి వచ్చింది. అందుకే జాతి మొక్క కొనేటప్పుడు ఎక్కడ పెంచారని అడగండి. దాని మూలం రాసి ఉంటే ఆ కాగితం పారేయకండి. దాని గింజలు కావాలంటే అదే జాతి పుప్పొడి వాడండి. పక్కనున్న హైబ్రిడ్ పుప్పొడి కలిసిన గింజని జాతి పేరుతో పంచితే, తీసుకున్న నలుగురి దగ్గరా ఆ తప్పే పెరుగుతుంది.

ఇప్పుడు పిలక తీయడం చూపిస్తాను. ఈ ఎక్మియా ఫాసియేటా పూసేసింది. అరటి గెల వేశాక ఎలాగో, ఇదీ అంతే, మళ్లీ పూయదు, మెల్లగా వాడిపోతుంది. దాని పక్కన పిలక తల్లిలో సగం ఎత్తుకి వచ్చింది, ఇది సరైన సమయం. కత్తి శుభ్రంగా ఉంది. వెనక ఉన్నవాళ్లు దగ్గరికి రండి. ముందుగా చీటీ మీద పేరు రాస్తున్నాను, ఈ రోజు తేదీ కూడా. చీటీ కొత్త కుండీలో గుచ్చాక పిలక కోస్తాను.