ఫ్యూజు పీకితే ఏమవుతుంది?

బామ్మర్ది: నమస్తే అండి, హనుమకొండ నుంచి మళ్లీ మేమే. ఈ వారం అంశం బావ చెబుతాడు. బావా, పాత ఎపిసోడ్‌లోని ఫ్రిజ్ ముచ్చట మాత్రం తేవద్దు.

బావ: నేను తేవడం లేదు. వినేవాళ్లే తెస్తున్నారు. నర్సంపేట నుంచి ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఫ్రిజ్ ఇంకా మీ ఇంట్లోనే ఉందా అని.

అక్క: ఉంది. ఆవకాయ దాంట్లోనే పెట్టాను.

బావ: విన్నారుగా. సరే, ఇవాళ్టి అంశం కిరాయి అగ్రిమెంట్. బడులు తెరిచేలోపు పరకాల, ములుగు, భూపాలపల్లి నుంచి పిల్లల చదువుల కోసం ఇక్కడికొచ్చి పోర్షన్లు వెతుక్కునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకూ పనికొస్తుంది, ఓనర్లకూ పనికొస్తుంది.

బామ్మర్ది: చెప్పు మరి.

బావ: స్టాంపు పేపరు మీద రాసుకోవాలి. పేర్లు, ఆధార్ నంబర్లు, కిరాయి ఎంత, ఏ తారీఖున ఇవ్వాలి, అడ్వాన్స్ ఎంత, ఏడాదికి ఎంత పెంచాలి, ఖాళీ చేయాలంటే ఎంత ముందు చెప్పాలి. రంగుల ఖర్చు ఎవరిది. సాక్షుల సంతకాలు. అంతే.

బామ్మర్ది: అంతేనా? ఎపిసోడ్ అయిపోయిందా?

బావ: ఇంకొకటి ఉంది. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపించే పత్రం, పొట్టిగా ఈసీ.

బామ్మర్ది: వచ్చేసింది! పోయినసారి పెళ్లి సంబంధాల ఎపిసోడ్‌లో కూడా ఈసీ తీయమన్నావు. కిరాయికి ఈసీ ఎందుకు బావా?

బావ: ఎందుకు తీయకూడదు? తాళం తీసి ఇల్లు చూపించేవాడు ఓనరేనని నీకెలా తెలుసు? ఖాళీ చేసి పోయే కిరాయిదారు కూడా తాళంచెవి దగ్గర పెట్టుకొని, ఒకే పోర్షన్ నలుగురికి చూపించి నలుగురి దగ్గరా అడ్వాన్స్ పట్టుకుపోవచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి లావాదేవీలు కనిపిస్తాయి. చూసుకుంటే పోయేదేముంది?

అక్క: అంత కష్టమెందుకు? ఇంటి పన్ను రసీదు చూపించమంటే సరిపోతుంది. దాంట్లో ఓనర్ పేరు ఉంటుంది కదా.

బావ: అది కూడా అడగాలి. ముందు ఈసీ.

అక్క: అవన్నీ చెబుతున్నారు కానీ, మన పైపోర్షన్ సంగతి చెప్పరేం?

బావ: చెప్పను.

బామ్మర్ది: చెప్పాల్సిందే. వినేవాళ్లకు సగం తెలుసు.

బావ: పేరు చెప్పను. దసరా నుంచి పైసా ఇవ్వలేదు. సంక్రాంతికి ఇస్తానన్నాడు. మేడారం నుంచి రాగానే ఇస్తానన్నాడు. ఉగాది కూడా పోయింది. అడ్వాన్స్ ఎప్పుడో కిరాయి కింద కరిగిపోయింది. మెట్ల మీద ఎదురైతే "నమస్తే సార్, ఆరోగ్యం ఎలా ఉంది" అంటాడు. నా ఆరోగ్యం వాడి వల్లే పాడైంది! అందుకే నిన్న భోజనాల దగ్గర అన్నాను, ఇక ఫ్యూజు పీకేస్తానని. కరెంటు లేకపోతే ఈ ఎండల్లో రెండు రోజులు కూడా ఉండలేడు.

బామ్మర్ది: నువ్వు పీకలేవు బావా.

బావ: నా ఇల్లు. నా గోడ మీద నా మీటర్. ఎందుకు పీకలేను?

బామ్మర్ది: పై మీటర్‌కు జీరో బిల్లు వస్తోందా లేదా?

బావ: వస్తోంది. వాడి రేషన్ కార్డు మీద.

బామ్మర్ది: అదీ సంగతి. సర్కారు గృహజ్యోతి పథకం 2024 మార్చిలో మొదలైంది. 200 యూనిట్లలోపు ఉచితం, కిరాయిదారుకు కూడా వర్తిస్తుంది. అంటే సర్కారు ఇస్తున్న కరెంటు నువ్వు పీకుతానంటున్నావు.

బావ: చూశారా అండి! కిరాయి ఎగ్గొట్టేవాడికి సున్నా బిల్లు. వాడిని మోస్తున్న నాకు మాత్రం నిండా బిల్లు. నక్కలగుట్ట విద్యుత్ భవన్ ముందు కుర్చీ వేసుకొని కూర్చుంటాను.

బామ్మర్ది: కూర్చో, కానీ ఫ్యూజు ముట్టుకోకు. 1960 నాటి కిరాయి చట్టంలోనే ఉంది, నీళ్లు, కరెంటు లాంటి సౌకర్యాలు ఓనర్ ఆపకూడదని.

బావ: ఆగు. ఆ చట్టం నేనూ చదివాను. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3500 దాటితే ఆ చట్టం వర్తించదు. మనది దాటింది. కాబట్టి ఆ లెక్క మనకు కాదు.

బామ్మర్ది: అయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలనెలా కిరాయి అయితే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టుకు వెళ్లాలి. బాకీ కిరాయి కూడా అక్కడే అడగాలి. దారి మారుతుంది కానీ, ఫ్యూజు పీకడమనే దారి ఎక్కడా లేదు.

బావ: కోర్టా? కేసు తేలేలోపు వాడి కొడుకు పెళ్లి కూడా మన పైపోర్షన్‌లోనే చేస్తాడు.

అక్క: పెళ్లికి మనల్ని పిలుస్తాడో లేదో.

బావ: నవ్వకండి. నాకు తెలిసినాయన ఒకరు, గోపాలపూర్ వైపు, కోర్టూ వద్దు, గీర్టూ వద్దని కిరాయిదారు ఊరికి పోయిన రోజు చూసి తాళం పగలగొట్టాడు. సామాను వరండాలో పెట్టి కొత్త తాళం వేశాడు. ధైర్యమంటే అది!

బామ్మర్ది: తర్వాత ఏమైంది?

బావ: తర్వాత సంగతి వేరు.

బామ్మర్ది: వేరు కాదు, అదే అసలు సంగతి. కిరాయిదారు దావా వేశాడు కదా? స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963, ఆరో సెక్షన్. బలవంతంగా వెళ్లగొట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేస్తే, ఆ దావాలో ఇల్లు ఎవరిదని చూడరు. ఇంట్లో ఎవరు ఉన్నారు, చట్టప్రకారం ఖాళీ చేయించారా లేదా, అంతే. అది తేలితే ఇల్లు మళ్లీ వాడి చేతికే.

బావ: అంటే కిరాయి ఎగ్గొట్టినవాడికి నేనే దండ వేసి, నా ఇంట్లోకి మళ్లీ పిలవాలా?

బామ్మర్ది: దండ నీ ఇష్టం. తాళంచెవి మాత్రం ఇవ్వాలి. ఇప్పుడు తప్పు వాడిది. ఫ్యూజు పీకిన రోజు నుంచి తప్పు నీది. స్టేషన్‌లో వాడు కుర్చీలో ఉంటాడు, నువ్వు నిలబడి ఉంటావు.

బావ: మరి పన్నెండేళ్ల సంగతి? పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాడిదే అంటారు.

అక్క: ఆ మాట ఎవరన్నారో కానీ, మా మామయ్యగారు దానికి భయపడే కిరాయిదారులను మూడేళ్లకోసారి మార్చేవారు. ఎంత మంచివాళ్లు పోయారో.

బామ్మర్ది: పన్నెండేళ్ల లెక్క, హక్కు లేకుండా వచ్చి కబ్జా పెట్టినవాడికి. కిరాయికి వచ్చినవాడు కిరాయిదారుగా ఉన్నంతకాలం నువ్వు ఓనర్‌వి కావని వాదించలేడు. పాత సాక్ష్య చట్టంలో ఉంది, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. కాకపోతే వాడు కిరాయిదారే అని నువ్వు చూపించాలి. నువ్వేమో కిరాయి నగదుగా తీసుకుంటావు, రసీదు ఇవ్వవు.

అక్క: అగ్రిమెంట్ పోయినేడు అయిపోయింది. మళ్లీ రాయించమంటే, "మంచివాడే కదా, ఎందుకు" అన్నారు.

బావ: అప్పుడు మంచివాడే!

బామ్మర్ది: మంచివాడుగా ఉన్నప్పుడే సంతకం పెడతాడు బావా. ఇప్పుడు పెట్టమను చూద్దాం.

బావ: నువ్వు ఎప్పుడూ కిరాయిదారుల పక్షమే.

బామ్మర్ది: ఎందుకుండను? నేను కిరాయికి ఉండేవాణ్ణి. నువ్వు పుట్టినప్పటి నుంచి సొంతింట్లో ఉన్నావు. కాజీపేటలో నేను ఇల్లు వెతికినప్పుడు టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, ఎంతమంది ఉంటారు. రెండోది, మీరేమిటోళ్లు. జీతం ఎంత, ఎక్కడ పని అనేవి ఆ తర్వాత. కులం చెప్పగానే "నిన్ననే ఎవరికో మాటిచ్చాం" అంటారు. బోర్డు మాత్రం ఇంకో నెల అలాగే వేలాడుతుంది.

బావ: మా ఇంట్లో అలా అడగం.

బామ్మర్ది: మీ అమ్మగారు అడిగేవారు.

అక్క: అత్తమ్మ సంగతి ఇక్కడ వద్దు తమ్ముడూ. లేని మనిషి.

బామ్మర్ది: సరే, అత్తమ్మ వద్దు. ఇప్పుడు ఫోన్ వస్తే బావ నీకిస్తాడు. నువ్వు ఊరేది, ఇంటిపేరేంటి అని అడుగుతావు. మన దగ్గర ఆ రెండూ తెలిస్తే మూడోది అడగక్కర్లేదు కదా అక్కా.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

అక్క: టీ పెడతాను. ఎవరికి చక్కెర వద్దు?

బావ: నాకు వద్దు. ఇది ఎడిటింగ్‌లో తీసేస్తావా?

బామ్మర్ది: తీయను.

బావ: తీయకు. ఉండనీ.

(టీ తర్వాత)

బామ్మర్ది: అక్కా, ఆ మిలిటరీ ఆయన ముచ్చట చెప్పు. మెసేజుల్లో చాలామంది అడిగారు.

అక్క: ఆయన మిలిటరీ అయితే నేను కలెక్టర్‌ను. పక్క పోర్షన్ ఖాళీ అయినప్పుడు ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాను. గంటలో ఫోన్. హిందీలో చాలా మర్యాదగా, "మేడమ్‌జీ, నేను ఆర్మీ ఆఫీసర్‌ని, పోస్టింగ్ వరంగల్‌కు వచ్చింది, ఇల్లు చూడక్కర్లేదు, ఫోటోలు చాలు" అన్నాడు. కిరాయి బేరం కూడా ఆడలేదు. అక్కడే నాకు అనుమానం. హనుమకొండలో బేరం ఆడకుండా ఎవరైనా ఇల్లు తీసుకుంటారా?

బావ: యూనిఫాం ఫోటో పంపాడు, ఐడీ కార్డు పంపాడు.

అక్క: మామునూరు క్యాంపులో ఉంటానన్నాడు. మామునూరులో ఉన్నది పోలీసు బెటాలియన్ కదా అన్నాను. "అదే అదే" అన్నాడు. తర్వాత అసలు పని మొదలుపెట్టాడు. "మా ఆఫీసు అకౌంట్ నుంచి అడ్వాన్స్ వస్తుంది, ముందు మీరు ఒక్క రూపాయి పంపండి, రెండు రూపాయలు తిరిగి వస్తాయి." అలా నమ్మకం కుదిర్చి, తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. మనకు పైసలు రావాలంటే పిన్ ఎందుకు కొట్టాలండీ? పిన్ కొట్టామంటే పోయేది మన పైసలే.

బామ్మర్ది: మరి నువ్వేం చేశావు?

అక్క: ఫోన్ ఒడిలో పెట్టుకొని చిక్కుడుకాయలు తుంచుకుంటూ, "హలో, వినబడటం లేదు, మళ్లీ చెప్పండి" అంటూ కూర్చున్నాను. చివరికి తిట్టి పెట్టేశాడు. మర్యాద అంతవరకే. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి వాడి నంబర్ చెప్పాను. నిజంగా పైసలు పోయినవాళ్లయితే ఆలస్యం చేయకుండా వెంటనే చేయాలి, బ్యాంకులో సొమ్ము ఆపే వీలుంటుంది.

బావ: కరెంటు బిల్లు ఫోటోలు కూడా ఎవరికి పడితే వాళ్లకు పంపకండి. కరెంటు బిల్లు, ఒక దొంగ అగ్రిమెంట్ చేతిలో ఉంటే చాలు, మీ ఇంటి అడ్రస్ మీద బోగస్ కంపెనీకి జీఎస్టీ నంబర్ తీసుకుంటారు. తర్వాత ఎవరో ఆఫీసర్లు వచ్చి "మీ ఇంట్లో ఐరన్ వ్యాపారం ఎక్కడ" అని అడుగుతారు. ఇంట్లో ఉన్న ఐరన్ ఇస్త్రీ పెట్టె ఒక్కటే!

బామ్మర్ది: ఇక ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లినాయన రాశాడు. మడికొండ దగ్గర ప్లాటు ఉందట. పదేళ్లుగా చూడలేదు. ఎవరో తన పేరుతో దొంగ ఆధార్ చేయించి అమ్మేస్తారేమోనని టెన్షన్.

బావ: ఈసీ!

బామ్మర్ది: ఇప్పుడు చెప్పు. ఇప్పుడు నీ టైమ్.

బావ: అన్నా, దుబాయ్‌లో కూర్చొనే తీయొచ్చు. దస్తావేజు నంబర్, ఏడాది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెలిస్తే చాలు. ఏడాదికోసారి తీయండి. మీ తర్వాత ఇంకో పేరు కనిపిస్తే ఆ రోజే పోలీసు స్టేషన్‌కూ, లాయరు దగ్గరికీ ఎవరినైనా పంపండి. వ్యవసాయ భూమి అయితే లెక్క వేరు, అది 2020లో సర్కారు భూరికార్డుల పోర్టల్ ధరణిలోకి పోయింది, 2025 నుంచి దాని స్థానంలో భూభారతి.

అక్క: ఈసీ ఒక్కటే సరిపోదు. అందులో రిజిస్టర్ అయిన కాగితాలే కనిపిస్తాయి. సాదా బైనామా, అంటే రిజిస్టర్ చేయకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం, కనిపించదు, నోటరీ కాగితం కనిపించదు, కోర్టులో నడుస్తున్న కేసు కూడా కనిపించకపోవచ్చు. ప్రహరీ కట్టించి, బోర్డు పెట్టించి, ఖాళీ స్థలం పన్ను తన పేరున కట్టుకోమనండి.

బామ్మర్ది: ఇంకో ముక్క రాశాడు. ప్లాటు రిజిస్ట్రేషన్ కాలేదట, జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితం మీద కొన్నాడట.

బావ: అయ్యో! మొదటే చెప్పాలి కదా ఆ మాట. జీపీఏ మీద అమ్మకం జరిగితే ఓనర్‌షిప్ రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అమ్మినాయన బతికే ఉన్నాడా?

బామ్మర్ది: అది రాయలేదు.

బావ: ఉంటే వెంటనే ఆయన దగ్గరికి పోయి సేల్ డీడ్ చేయించుకోవాలి. లేకపోతే వారసులతో లొల్లి. ముందు ఆ కాగితం ఫోటో పంపమను, నేనే చూస్తాను. కూకట్‌పల్లిలో మా చిన్నాన్న ప్లాటు కూడా అచ్చం ఇలాగే…

అక్క: చిన్నాన్న ప్లాటు మొదలైతే రాత్రి అవుతుంది. గేటు దగ్గర గ్యాసాయన వచ్చాడు, ఎవరో ఒకరు లేవండి.

బావ: పైవాళ్లను తీసుకోమను, వాళ్లదే అయుంటుంది.

అక్క: మనదే. నిన్న నేనే బుక్ చేశాను.

బామ్మర్ది: ఆగండి, ఇంకా రికార్డ్ అవుతోంది…