40 శాతం వాన అంటే ఏంటి? ఉప్మా గిన్నెలో సియాటెల్ ఏప్రిల్

"పొద్దున ఫోన్‌లో 40 శాతం వాన అని చూపించింది. సాయంత్రం దాకా ఒక్క చుక్క లేదు. వీళ్ళకేమీ తెలీదు."

ఏప్రిల్ వచ్చిందంటే మా సియాటెల్ వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ ఖాయం. దాని కిందే ఇంకొకరు, "మా బాథెల్‌లో వడగళ్ళు పడ్డాయండి, మీరెక్కడ?" అంటారు. మొదటాయన ఉండేది రెంటన్. రెండూ సియాటెల్ పక్క ఊళ్ళే, బాథెల్ ఉత్తరాన, రెంటన్ దక్షిణాన. మధ్యలో సుమారు 20 మైళ్ళు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఫోన్ చెప్పిందీ నిజమే. తిట్లు మాత్రం ఫోన్‌కి. నాకు ఒళ్ళు మండి ఈ వీడియో చేస్తున్నాను.

ముందు ఆ 40 సంగతి. రోజులో 40 శాతం సేపు వాన పడుతుందని కాదు. వాన జోరు 40 శాతం అనీ కాదు. (అలా అనుకునేవాళ్ళు ఉన్నారు. మా ఇంట్లోనే ఉన్నారు.) అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ లెక్కలో, మీరున్న చోట, వాళ్ళు చెప్పిన ఆ కొన్ని గంటల్లో, కనీసం అంగుళంలో నూరో వంతు వాన పడే అవకాశం అది. అంటే పావు మిల్లీమీటరు. కారు అద్దం తడిస్తే చాలన్నమాట. ఎంతసేపు, ఎంత జోరు అన్నది ఆ అంకెలో లేనే లేదు. డిసెంబర్‌లో 90 అంటే రోజంతా జల్లెడ పట్టినట్టు ముసురు. ఏప్రిల్‌లో 40 అంటే పది నిమిషాలు కుమ్మేసి, వెంటనే ఫెళ్ళున ఎండ.

మరి ఏప్రిల్‌లోనే ఎందుకిలా? ఇక్కడ నాకు ఉప్మా కావాలి.

[స్క్రీన్ మీద: స్టవ్ మీద ఉప్మా గిన్నె]

రవ్వ పోసి కలిపాక చూడండి. కాస్త చిక్కబడగానే తుప్పు తుప్పుమని బుడగలు లేస్తాయి. ఒకటి ఎగిరి చేతి మీద పడి చురుక్కుమంటుంది. రెండు నిమిషాల్లో చిందుతుందని మీరు ధైర్యంగా చెప్పగలరు. ఏ మూల నుంచి చిందుతుందో చెప్పగలరా? వంట తెలియక కాదు కదా, బుడగ స్వభావమే అది.

ఇప్పుడు గిన్నె అడుగున మంట అంటే నేల. ఏప్రిల్ మధ్యలో సూర్యుడు ఆగస్టు చివర్లో ఉన్నంత ఎత్తులో ఉంటాడు. మబ్బు కాస్త విడిపోతే చాలు, నేల వేడెక్కిపోతుంది. పైన మాత్రం ఇంకా చలికాలమే. అలాస్కా వైపు నుంచి చల్లగాలి దిగినప్పుడు, అయిదున్నర కిలోమీటర్ల ఎత్తున మైనస్ 30 డిగ్రీల దాకా ఉంటుంది. కింద వేడి, పైన చలి. ఆ తేడా ఎంత ఎక్కువైతే వేడిగాలి బుడగ అంత ఎత్తుకి లేస్తుంది. అదే మబ్బు, అదే జల్లు. అప్పుడప్పుడు సగ్గుబియ్యం గింజల్లా తెల్లగా, మెత్తగా పడతాయే, వేలితో నొక్కితే నలిగిపోతాయి, వాటిని అందరూ వడగళ్ళంటారు. నిజానికి అవి చాలాసార్లు గ్రాపెల్. మంచు రేకు మీద చల్లటి నీటి బిందువులు పడ్డవి పడ్డట్టు గడ్డకట్టి అలా తయారవుతుంది.

పొద్దు గూకితే మంట ఆరినట్టే, జల్లులు చాలావరకు తగ్గుతాయి. పక్కనున్న సముద్రం నీళ్ళు అప్పటికి 10 డిగ్రీల చుట్టూ ఉంటాయి కాబట్టి అవి ఎండకి నేల వేడెక్కినట్టు వేడెక్కవు. కొన్ని రోజులు పైన అధిక పీడనం కూర్చుంటుంది. గాలి కిందికి అణిగి గిన్నెకి మూత పెట్టినట్టవుతుంది. ఆ రోజు మీకు దూరాన రెయినీర్ కొండ కనిపిస్తుంది, అందరూ దాని ఫొటోలు పెడతారు.

అందుకే ఫోర్‌కాస్ట్‌లో "రెయిన్", "షవర్స్" అని రెండు వేరు మాటలు వాడతారు. మొదటిది ముసురు, రెండోది జల్లు. శాతం చూసేముందు ఆ మాట చూడండి, నా మాట వినండి. మధ్యలో వచ్చే ఎండకి ఇక్కడివాళ్ళు ప్రత్యేకంగా "సన్‌బ్రేక్స్" అని పేరు పెట్టుకున్నారు. ఎండ వస్తే అదో వార్త మరి.

సరే, బాథెల్ సంగతి. ఉప్మాని గరిటెతో ఒక వైపు నుంచి, ఇంకో గరిటెతో అవతలి వైపు నుంచి మధ్యలోకి తోయండి. గుట్టగా లేస్తుంది. చిందేది కూడా అక్కడే. పసిఫిక్ నుంచి వచ్చే గాలి సియాటెల్‌కి పడమటనున్న ఒలింపిక్ కొండల్ని ఢీకొని రెండుగా చీలుతుంది. ఒక పాయ ఉత్తరాన వాన్ డి ఫ్యూకా జలసంధి గుండా, ఇంకోటి దక్షిణాన షెహేలిస్ లోయ గుండా వచ్చి, కొండల వెనక మళ్ళీ కలుస్తాయి. కలిసే చోటు తరచుగా ఉత్తర సియాటెల్‌కి, ఇంకా పైనున్న ఎవరెట్ ఊరికి మధ్యన. పోవడానికి దారి లేక గాలి పైకి లేస్తుంది. దీన్ని ప్యూజెట్ సౌండ్ కన్వర్జెన్స్ జోన్ అంటారు. వసంతంలోనూ, వేసవి మొదట్లోనూ ఇది ఎక్కువ. రెంటన్‌లో ఎండ, బాథెల్‌లో కుండపోత. బాథెల్‌లో ఇల్లు కొన్నాక నాకీ విషయం తెలిసింది. అది వేరే కథ.

అవే కొండలు ఇంకో పని కూడా చేస్తాయి. పడమటి వైపు హో అడవిలో ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన. కొండ దాటగానే స్క్విమ్ అని ఊరుంది, అక్కడ 16 అంగుళాలే. సియాటెల్‌కి ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్లు. చెన్నైకి ఇంతకన్నా ఎక్కువ పడుతుంది! కాకపోతే చెన్నై ఒక్క దెబ్బకి కురిసేస్తుంది, సియాటెల్ వాయిదాల పద్ధతిలో.

మరి ఏం చూసుకుని బయల్దేరాలి? రాడార్. గంట ముందు రాడార్ యానిమేషన్ చూస్తే, ఏ జల్లు ఎటు నడుస్తోందో కనిపిస్తుంది. సముద్రం వైపు ఆ చూపు ఇక్కడికి 2011లో వచ్చింది, పసిఫిక్ తీరాన హోక్వియమ్ ఊరి దగ్గర లాంగ్లీ హిల్ మీద రాడార్ పెట్టాక. అంతకుముందు కమేనో ద్వీపం మీది రాడార్‌కి ఒలింపిక్ కొండలే అడ్డం.

టైం అయిపోతోంది, ఇంకొక్కటి త్వరగా చెప్పేస్తాను. రాబోయే మూడు నెలలు ఎలా ఉండొచ్చో చూపే అవుట్‌లుక్ మ్యాపులో కూడా "40 శాతం" ఉంటుంది. అది ఈ 40 కాదు! అక్కడ మామూలు కన్నా ఎక్కువ, తక్కువ, మామూలు అని మూడు గళ్ళు, ఏమీ తెలియకపోతే ఒక్కోదానికి 33. "ఎక్కువ వాన 40" అంటే తక్కెడ కాస్త అటు మొగ్గిందని, అంతే. మే నెలంతా తడుస్తుందని కాదు. ఆ రంగు చూసి ట్యులిప్ తోటల ట్రిప్పు మానేసినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళు వెళ్దామనుకున్న శనివారం ఆకాశం నీలంగా ఉంది.

పిల్లల పుట్టినరోజు పార్కులో పెట్టొచ్చా అని చాలామంది అడిగారు. ఏప్రిల్‌లో అయితే షెల్టర్ ఉన్న పార్కు బుక్ చేసుకోండి. ఆరుబయటే కావాలంటే జూలై 5 తర్వాత పెట్టుకోండి. ఇక్కడ ఎండాకాలం ఆ రోజే మొదలవుతుందని ఊళ్ళో జోకు, నాలుగో తారీఖు అమెరికా స్వాతంత్ర్య దినం టపాసులు తడిశాక.