గుండ్రం దొర్లితే ముక్కోణం ఆపుతుంది

శ్రోతలకు నమస్కారం. ఆకారాల స్నేహం గురించి చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఎలా ఉండాలో, ఇంట్లో ఎలా చేసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

మూడు నాలుగేళ్ల పాపకు ముక్కోణం బొమ్మ చూపించి పేరడగండి, చెప్పేస్తుంది. అదే బొమ్మ తలకిందులు చేసి అడిగితే చాలామంది పిల్లలు తడబడతారు. ఆ తికమక పుస్తకం పెట్టిందే. ఆకారాల పుస్తకాల్లో ముక్కోణం ఎప్పుడు చూసినా మూడు వైపులూ సమానంగా, కొన పైకి పెట్టుకుని నిలబడి ఉంటుంది. పైగా ముక్కోణం ఎరుపు, గుండ్రం పసుపు, నలుచదరం నీలం. ఎరుపు కనిపిస్తే చాలు, పాప ముక్కోణం అంటుంది. ఆమె నేర్చుకున్నది రంగు.

అందుకే ఒక్కో ఆకారాన్నీ రకరకాల రంగుల్లో, పడుకోబెట్టి, వాల్చి, సన్నగా సాగదీసి చూపించాలి. రోడ్డు పక్కన మలుపుందని హెచ్చరించే బోర్డు కొన పైకి ఉంటుంది, దారి ఇవ్వమనే బోర్డు కొన కిందికి ఉంటుంది. రెండూ ముక్కోణాలే. పోచంపల్లి చీర మీద మూల మీద నిలబడ్డ నలుచదరాన్ని పిల్లలు డైమండ్ అంటారు. కాదనకండి, చీర మడతను కాస్త తిప్పి చూపించండి, వాళ్లే గుర్తుపడతారు. గుండ్రానికి గాజు చూపించండి, బంతి వద్దు. కాగితం మీది గుండ్రం వేరు, చేతిలో దొర్లే బంతి వేరు. వృత్తం, త్రిభుజం అనే బడి పేర్లకు తొందర లేదు.

ఇక స్నేహం. గుండ్రం మంచిదనీ, మొనలున్నది కజ్జాకోరనీ రాసే కథలు నాకు నచ్చవు. రూపం చూసి గుణం తేల్చడం నేర్పుతాయవి. ఏ ఆకారం ఏం చేయగలదో, ఏం చేయలేదో, కథ అందులోంచే పుట్టాలి. గుండ్రం గుట్ట మీంచి దొర్లుతుంది, తనంతట తాను ఆగలేదు. ముక్కోణం తన సన్నని కొనను దాని కిందికి దూర్చి ఆపుతుంది. ట్రాక్టర్ ట్రాలీ చక్రం కింద రాయి పెట్టడం మన పిల్లలు చూసిందే కదా. తర్వాత రెండు గుండ్రాల మీద ఒక పొడుగు చదరం ఎక్కితే బండి తయారు. అందరూ కురుమూర్తి జాతరకు బయల్దేరుతారు, బండి మాత్రం కదలదు. ఎందుకో చెప్పకుండా పేజీ పట్టుకుని ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టేలోపు ఎవరో ఒకరు ‘ముక్కోణం అడ్డమున్నది!’ అని అరుస్తారు.

ఈ పుస్తకం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏ4 సైజు మందపాటి కాగితాలు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడిస్తే 16 పేజీలు. మడత పగులుతుంటే కాగితాన్ని అడ్డం బదులు నిలువుగా, నిలువు బదులు అడ్డంగా మడిచి చూడండి, కాగితంలోని పోగుల వెంట మడత సాఫీగా వస్తుంది. మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు పొడవాలి. సూదిని మధ్య రంధ్రంలో లోపలి నుంచి బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తేవాలి. లోపలున్న పొడుగు దారానికి అటూ ఇటూ రెండు కొసలు వస్తాయి, వాటిని దాని మీదుగా ముడివేయాలి. పిన్నులు కొట్టొద్దు, పిల్లల వేళ్లకు గుచ్చుకుంటాయి.

బొమ్మ పిల్లల అరచేయంత ఉండాలి, పేజీకి ఒక్క వాక్యం చాలు. మైదా జిగురు ఎక్కువగా పూస్తే తడికి కాగితం ముడతలు పడుతుంది. పలచగా రాసి, రాత్రంతా బరువు కింద ఉంచండి. అతికించే బొమ్మలు గరుకు గుడ్డలోంచి కోసినవైతే ఇంకా మంచిది. వేలు అంచు వెంట పోతూ మూల దగ్గర ఆగుతుంది, గుండ్రం మీద ఎక్కడా ఆగదు. పిల్లలు మూలలు లెక్కపెట్టేది ఆ వేలితోనే.

చివరి పేజీకి చిన్న కవరు అతికించండి. అందులో పెట్టడానికి నాలుగంగుళాల నలుచదరం అట్టను మూల నుంచి మూలకు కోస్తే రెండు ముక్కోణాలు వస్తాయి. ఇద్దరు పిల్లలకు చెరొకటి ఇచ్చి, నలుచదరం చేయమనండి. ఎవరి ముక్కతో వాళ్లకు కుదరదు, పక్కవాళ్లను అడగాల్సిందే. కుదిరాక ఒక ముక్కను తిప్పి పెడితే పెద్ద ముక్కోణం కూడా వస్తుంది. ముక్కలు పోతుంటాయి, ఓ ఆరు జతలు ముందే కోసి పెట్టుకోండి.