వానకు టీవీ బొమ్మ గళ్ళుగళ్ళుగా ఎందుకు విరుగుతుంది?

నమస్కారం. వాన మొదలై టీవీ బొమ్మ గళ్ళుగళ్ళుగా విరగగానే "బాక్సు పోయింది" అని తీర్మానించి దాని నెత్తిన రెండు దెబ్బలు వేసేవారిని చూసి చూసి, విసుగెత్తి ఈ వీడియో చేస్తున్నాను. పాత యాంటెన్నా టీవీలో సిగ్నల్ తగ్గితే తెరనిండా చుక్కలు కురిసేవి గాని, బొమ్మ ఎంతోకొంత కనబడుతూనే ఉండేది. డీటీహెచ్‌లో అలా జరగదు, ఎందుకంటే ఆకాశం నుంచి మన ఇంటికి వచ్చేది బొమ్మ కాదు, బొమ్మను గురించిన కబురు.

సాధారణ ఎస్‌డీ చానల్‌కు సెకనుకు 25 బొమ్మలు, ఒక్కొక్కటి 720 × 576 చుక్కలు (పిక్సెళ్ళు). మన కన్ను వెలుగునీడలను పట్టినంతగా రంగులను పట్టదు కనుక రంగుల వివరాన్ని ముందే కుదించినా, సెకనుకు దాదాపు 124 మెగాబిట్లు అవుతాయి. వీడియోను కుదించే ఎంపెగ్-2 అనే పద్ధతి దీన్ని నాలుగైదు మెగాబిట్లకు దించుతుంది. 2003లో ఖరారైన హెచ్.264, అంటే మనం వాడుకలో ఎంపెగ్-4 అనేది, సుమారు అందులో సగంతోనే సరిపెడుతుంది.

ఎలాగో తోలుబొమ్మలాటతో చెబుతాను. మన ఊళ్ళో ఆడుతున్న ఆటను పొరుగూరివాళ్ళు అదే సమయానికి తమ తెర మీద ఆడించాలి, మనం కబురు మాత్రమే పంపగలం. మొదటి కబురులో తెర, దీపం, బొమ్మలు ఏవి ఎక్కడున్నాయో మొత్తం చెబుతాం, ఇది ఐ-ఫ్రేమ్. ఆ తరువాత "హనుమంతుడు రెండు మూరలు కుడికి జరిగాడు" అంటే చాలు; ఇది పీ-ఫ్రేమ్. ఇంకా పొదుపు చేయాలంటే, లంకలో దిగిన హనుమంతుణ్ణి ముందుగా చెప్పేసి, సముద్రం మీద ఎగురుతున్న బొమ్మలను ఆ రెండింటి నడుమ ఊహించుకోమంటాం, అదే బీ-ఫ్రేమ్. కథ వరుస తప్పించి కబురు పంపడం నాకు ఈ మొత్తంలో అతి ముచ్చటైన సంగతి.

నడుమ ఒక కబురు జారిపోయిందనుకోండి: పొరుగూరి తెర మీద హనుమంతుడు ఇంకా సముద్రం పైనే ఉండగా తోకకు నిప్పంటుకుంటుంది. క్రికెట్‌లో పరుగెత్తి వస్తున్న బౌలర్ ముఖంలో ఒక గడి నిండా పచ్చిక కనబడటం మీరు చూసే ఉంటారు. అది వాన వేసిన మచ్చ కాదు, క్షణం క్రితం అక్కడున్న మైదానమే. ఎంపెగ్-2లో కదలికలను 16 × 16 చుక్కల గడుల చొప్పున చెబుతారు గనుక, తప్పు కూడా గడుల రూపంలోనే బయటపడుతుంది. మళ్ళీ ఐ-ఫ్రేమ్ రాగానే, తెర ఎత్తి కొత్తగా బొమ్మలు పేర్చినట్టు, అంతా ఒక్కసారిగా సర్దుకుంటుంది. చానల్ మార్చినప్పుడు కాసేపు నల్లతెర కనబడటానికి ఒక కారణం కూడా ఈ ఎదురుచూపే.

సమయం మించిపోతోంది కాబట్టి ప్రసారం సంగతి క్లుప్తంగా చెబుతాను. కబుర్లన్నీ 188 బైట్ల పొట్లాలుగా బయలుదేరుతాయి. డీవీబీ-ఎస్ అనే ఉపగ్రహ ప్రసార పద్ధతిలో ఒక్కో పొట్లానికి మరో 16 బైట్లు జోడిస్తారు. వాటి సాయంతో బాక్సు ఎనిమిది బైట్ల వరకు తప్పులను తానే దిద్దుకుంటుంది, అప్పటిదాకా బొమ్మకు మచ్చ ఉండదు. తొమ్మిదో బైటు చెడితే ఆ పొట్లమే పనికిరాదు. ఉపగ్రహం నుంచి దాదాపు 36 వేల కిలోమీటర్లు దాటి వచ్చిన కేయూ-బ్యాండ్ అనే రేడియో తరంగాన్ని చివరి కొద్ది కిలోమీటర్ల వానచినుకులు పీల్చి, చెదరగొట్టి ఆ హద్దు దాటిస్తాయి. ఒకే ట్రాన్స్‌పాండర్‌లో (ఉపగ్రహంలో సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే పరికరంలో) ఎక్కువ సమాచారం పట్టించే కొత్త డీవీబీ-ఎస్2 పద్ధతిలోని 8పీఎస్‌కే అనే సిగ్నల్ అమరికకు పాత క్యూపీఎస్‌కే అమరిక కంటే బలమైన సిగ్నల్ కావాలి. అందుకే ఒకే డిష్ మీద కొన్ని చానళ్ళు పోయి కొన్ని నిలబడితే, బాక్సు పాడైందని అర్థం కాదు.