గోడ మీద సుద్దగీత

శ్రోతలకు నమస్కారం.

ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి బయటికొచ్చిన పిల్లలు నన్ను తరచూ ఒకటే అడుగుతారు. "అన్నా, సొంతంగా కాంట్రాక్టు మొదలుపెట్టొచ్చా?" పెట్టొచ్చు. ఇటు ఘట్‌కేసర్ నుంచి అటు శంకర్‌పల్లి దాకా ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. పనికి కొదవ లేదు.

కాగితాల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. ఐటీఐ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. వైర్‌మన్ పర్మిట్ వేరు, సూపర్‌వైజర్ పర్మిట్ వేరు, కాంట్రాక్టర్ లైసెన్స్ వేరు. వీటికి రాష్ట్రంలో ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఉంది. లైసెన్స్ వచ్చేదాకా, లైసెన్స్ ఉన్నవాళ్ల కింద పని నేర్చుకోండి. చిన్న వ్యాపారంగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బులు ఇవ్వకండి. పని చేసిపెట్టే వ్యాపారానికి ఏడాది బిల్లులు 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఇక అసలు మాట. మొదటి ఏడాది మన పిల్లలు దెబ్బతినేది పని రాక కాదు. పాయింట్లు లెక్కపెట్టక. పాయింటంటే లైటుకో, ఫ్యానుకో, సాకెట్‌కో వైరు తెచ్చి ఇచ్చే ఒక్కో చోటు.

నా దగ్గర కొన్నేళ్లు పనిచేసి, లైసెన్స్ తెచ్చుకున్న అబ్బాయి ఒకడున్నాడు. వికారాబాద్ వైపు పిల్లాడు. చేతిలో మంచి పని ఉంది. బోడుప్పల్‌లో జీ ప్లస్ వన్ ఇల్లు, తనకు మొదటి కాంట్రాక్టు. ఇంటాయన "మొత్తం కలిపి ఎంత తమ్మీ?" అన్నాడు. వీడు రెండంతస్తులూ ఒకసారి తిరిగి చూసి, 90 పాయింట్లు ఉంటాయనుకుని, నోటితోనే ఒక మొత్తం చెప్పేశాడు.

ప్లాస్టరింగ్ అయిపోయాక మొదలైంది. "తమ్మీ, గీడ ఒక పాయింటు పెట్టరాదు." కొడుకు గదిలో ఏసీకి ఒకటి. ఇన్వర్టర్‌కి ఒకటి. గేటు దగ్గర కెమెరాకి ఒకటి. కరెంటు బండి కొంటారట, పార్కింగ్‌లో ఒకటి. అడిగేవాళ్లకు అది ఒక్క పాయింటే. చేసేవాడికి? అయిపోయిన గోడకు మళ్లీ గాడి కొట్టాలి, పైపు వేయాలి, బాక్స్ బిగించాలి, సిమెంటు పూయాలి, వైరు లాగాలి. పూట గడిచిపోతుంది. హెల్పర్లిద్దరికీ ఆ పూట కూలి ఇవ్వాల్సిందే. చివరికి లెక్కేస్తే 131 పాయింట్లు. అమ్మ చిట్టీ డబ్బులు తెచ్చి హెల్పర్ల కూలి కట్టాడు.

ఆ ఇంటాయన మోసగాడు కాడు, ఆ మాట నేను గట్టిగా చెబుతాను. గోడలు లేచేకొద్దీ ఇల్లు ఎలా ఉండబోతోందో ఆయన కళ్లకు కడుతోంది, ఒక్కో అవసరం గుర్తొస్తోంది. ముందే గుర్తుచేయాల్సింది ఎలక్ట్రీషియనే.

రెండో ఇల్లు నాగోల్‌లో. గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు. ఈసారి రెండు రంగుల సుద్దముక్కలు తీసుకెళ్లాడు. తెల్లది లైటు పాయింట్లకు, ఎర్రది పవర్ పాయింట్లకు. భార్యాభర్తలిద్దరినీ రమ్మన్నాడు, నాయనమ్మ కూడా వచ్చింది. గది గదికీ నిలబడి అడిగాడు. "అమ్మా, మంచం ఎటు వేస్తారు? తల ఎటు?" పడుకున్నాక చెయ్యి అందేచోట టూ వే స్విచ్‌కి, అంటే ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆర్పే స్విచ్‌కి, గీత గీశాడు. "మిక్సీ ఎక్కడ పెడతారు? గ్రైండర్ వేరే ఉందా?" వంటింట్లోనే అరగంట పట్టింది. మొత్తం రెండు గంటలు. 118 గీతలు.

లెక్క కాగితం మీద రాశాడు, గోడలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీశాడు. కింద రెండు రేట్లు. ప్లాస్టరింగ్‌కు ముందు ఎక్స్‌ట్రా పాయింటుకు ఇంత, తర్వాత అయితే ఇంత. ఇద్దరూ సంతకాలు చేశారు.

మెటీరియల్ ఆ కాగితంలో కలపలేదు. రాగి ధర ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేం కదా. ఇంటాయన్ని కోఠి పక్కన ట్రూప్ బజార్‌కి వెంటబెట్టుకెళ్లి, ఐఎస్ఐ మార్కు చూపించి, ఆయన చేతనే వైరు కొనిపించాడు. షాపువాళ్లు ఇచ్చే కమీషన్ తీసుకోలేదు. తీసుకోవద్దనే నేనూ చెబుతాను. ఆ కమీషన్ మీ ఇంటి యజమాని జేబులోదే.

రెండు మాత్రం బేరంలో వదులుకోవద్దు. లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్. మన హైదరాబాద్ నేల కింద రాయి, ఎండాకాలం మన్నంతా ఎండిపోతుంది. తడి లేని మట్టిలో ఎర్త్ సరిగా పట్టదు. ఎర్త్ గుంట మీద టైల్స్ పరిచేస్తే నీళ్లు పోసే దారి కూడా ఉండదు. మూత పెట్టించండి, ఎర్త్ రెసిస్టెన్స్ కొలిచి, ఆ అంకె రాసివ్వండి. గీజర్ కింద నిలబడేది ఒక కుటుంబం.

నాగోల్ ఇంట్లో గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు నాయనమ్మ వాణ్ని పిలిచింది. "బిడ్డా, రాత్రి లేస్తే బాత్రూం తొవ్వ కనబడదు. చిన్న లైటు పెడతవా?" పెట్టాడు. కాగితంలో 119 అని రాసి, రేటు ఉండాల్సిన చోట సున్నా వేశాడు. ఆ కాగితం ఫొటో నాకు వాట్సాప్‌లో పంపాడు, ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.

సెలవు.